బేస్‌మెంట్‌లో రెండో హెన్రీ

విశ్వనాథం గారికి మందు లేని జబ్బు ఒకటుంది. ఎవరు ఏ మాటెత్తినా దాన్ని ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల వెనక్కి ఈడ్చుకెళ్లి, ఎవరో ఒక ఇంగ్లండు రాజు కాళ్ల దగ్గర పడేసేవారు. కాకినాడలో ముప్పయ్యేళ్లు హిస్టరీ చెప్పి రిటైరై, కెనడాలో, బ్రాంప్టన్‌లోని అల్లుడు కోటేశ్వరరావు ఇంట్లో మేడ మీద ఉండేవారు. కింద బేస్‌మెంట్‌లో నలుగురు స్టూడెంట్లు అద్దెకుండేవారు. చదువుకని విమానాలు దిగినవాళ్లతో ఊరు కిక్కిరిసిపోయి, పరుపు వేసుకునే జాగా దొరకడమే గగనమైన 2022 అది.

సాయంత్రం మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినపడితే సిద్దిపేట పిల్ల నిఖిల గుండె గుభేలుమనేది.

"ఏం కూరమ్మా?"

"పప్పు, అంకుల్."

"మంచి పని చేశావు. మొదటి హెన్రీ పప్పు తిన్నా బతికేవాడు. వైద్యుడు వద్దంటున్నా పాముల్లాంటి చేపలు తిని పోయాడు."

నిఖిల రూమ్మేటు వాసవి గోదాము డ్యూటీలతో ఇల్లే చూడట్లేదంటే, "రిచర్డూ అంతేనమ్మా! పదేళ్లు ఏలి, దేశంలో ఉన్నది ఆర్నెల్లే!" అనేవారు. ఏ రాజూ రెండు గంటలకు తక్కువ పట్టేవాడు కాదు. పిల్లలు నిద్ర నటించినా ఆయన ఆగేవారు కాదు.

డిసెంబరులో ఆయన రెండో కూతురి దగ్గరికి హాలిఫాక్స్ వెళ్లారు. అమ్మయ్య అనుకున్నారు పిల్లలు. ఆ సంతోషం రెండ్రోజులు కూడా నిలవలేదు. బేస్‌మెంట్ గడ్డకట్టింది. హీటు మీట మేడ మీద, కోటేశ్వరరావు చేతిలో. వాసవికి దగ్గు ఛాతీలోకి దిగింది. నిఖిల మూడుసార్లు కోటేశ్వరరావును బతిమాలి, నాలుగోసారి సిటీ వాళ్లకు కంప్లైంట్ చేసింది.

జనవరిలో ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్లిన మర్నాడే కోటేశ్వరరావు దిగొచ్చాడు. "ఆదివారానికల్లా ఖాళీ చెయ్యండి. తాళం మార్చేస్తున్నా."

బయట మైనస్ ఇరవై. నిఖిల తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసింది. ఎక్కడా చోటు లేదు. శనివారం మధ్యాహ్నం, జ్వరంతో మూలుగుతున్న వాసవిని ఎక్కడికి తీసుకుపోవాలో తెలియక, సూట్‌కేసు ముందేసుకుని ఏడుస్తోంది. హాలిఫాక్స్ నుంచి అప్పుడే వచ్చిన విశ్వనాథం గారు మెట్లు దిగారు. మేడ మీద కూతురు అంతా చెప్పేసినట్టుంది.

"రెండో హెన్రీ అని ఒకడున్నాడమ్మా..."

"మీకు దండం పెడ్త అంకుల్! మీ రాజులంత ఎప్పుడో సచ్చిన్రు. మేమింక బతికున్నం. రేపు రోడ్డు మీద పడ్తం!"

ఆయన నోరు మొదటిసారి మూతపడింది. మళ్లీ తెరిచేసరికి గొంతు మారింది.

"అందుకే చెబుతున్నానమ్మా. అన్యాయంగా గెంటేసినవాణ్ణి ముందు లోపల పెట్టండి, హక్కెవరిదో తర్వాత తేల్చుదాం అన్నాడాయన. ఆ న్యాయమే తిరిగి తిరిగి ఈ దేశం దాకా వచ్చింది. అద్దె తగాదాలు తీర్చే బోర్డు ఆర్డర్ లేకుండా నిన్ను కదిపే హక్కు మా అల్లుడికి లేదు. సూట్‌కేసు లోపల పెట్టు."

ఆదివారం కోటేశ్వరరావు కొత్త తాళంతో వచ్చేసరికి బేస్‌మెంట్ గుమ్మానికి అడ్డంగా కుర్చీ, కుర్చీలో మంకీ క్యాప్‌తో మామగారు.

"లేవండి మావయ్యగారూ."

"లేవను అల్లుడుగారూ."

"నా ఇంట్లో తింటూ నామీదికే వస్తారా?"

"మీ అన్నం తింటున్నాను గనకే మిమ్మల్ని బోర్డు మెట్లెక్కకుండా ఆపుతున్నా."

అల్లుడికి ఒళ్లు మండిపోయింది. "నేనేం తక్కువ చేశాను వీళ్లకి? మీకు చలి పడదని, మీరు కిందికి దిగిన ప్రతిసారీ హీటు పెంచి చచ్చాను! ఆ వేడి వీళ్లూ కాచుకోలేదా?"

"తెలుసండీ. అందుకేగా రోజూ దిగేవాణ్ణి."

కోటేశ్వరరావు తాళం జేబులో వేసుకున్నాడు. వెనక్కి తిరిగి మేడెక్కాడు. కాసేపటికి గోడ కింది కంతల్లోంచి వేడి గాలి మొదలైంది. నిద్ర నటించిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చి నిఖిల సిగ్గుతో చచ్చిపోయింది.

"అంటే అంకుల్, గిన్ని రోజులు మా హీట్ కోసమే వచ్చిన్రా? ఆ రాజుల ముచ్చట్లన్నీ ఉత్తయేనా?"

విశ్వనాథం గారు బాగా నొచ్చుకున్నారు.

"అదేం మాటమ్మా! హీటు కోసమే అయితే నోరు మూసుక్కూర్చోనూ?"