బొమ్మలత్త రాని రాత్రి

పిల్లలంతా ఆమెను బొమ్మలత్త అనేవారు. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. వెనకాల మాత్రం మా గ్రంథాలయంలో అందరూ రూళ్లకర్ర అనేవారు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. ముక్కు మీద కోపం, నోటి నిండా నిబంధనలు. పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైతే కన్నతండ్రినైనా నిలబెట్టి అడిగే మనిషి.

మాది నాలుగంతస్తుల పెద్ద గ్రంథాలయం. ఏడాది పొడుగునా ఏదో ఒక సందడి ఉంటుంది. శనివారం కథలు, ఆదివారం తల్లీపిల్లల పాటలు, సెలవుల్లో కాగితపు బొమ్మల తయారీ, తాతలూ మనవలూ కలిసి ఆడే చదరంగం పోటీ. పై హాల్లో పెద్దల ఉపన్యాసాలకు పాతికమంది వస్తే గొప్ప, అందులోనూ సగంమంది ఏసీ కోసం వచ్చినవాళ్లే. కింద అక్క కథ చెబితే చాపలు చాలేవి కావు. పుస్తకాలు తిరిగి తీసుకునే కౌంటరు నాది, పక్కనే కాబట్టి ఆ కథలన్నీ నాకూ కంఠతా వచ్చేశాయి.

ఆమె మొదట చేరింది దుమ్ము దులిపే పనికి. ఒకరోజు కథ చెప్పాల్సినావిడ రాకపోతే, చేతిలోని గుడ్డతోనే మొదలుపెట్టిందట. ఆ గుడ్డే కుందేలైంది, ఆ గుడ్డే నక్కైంది. అది జరిగి ఇరవై ఆరేళ్లు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "ఇంటికెళ్లాక కూడా ఎవడో ఒకడికి కథలు చెప్పాలా?" అనేది.

మా కార్యక్రమాలన్నింటిలోకీ పేరున్నది ఏడాదికొకసారి జరిగే బొమ్మల రాత్రిబస. శుక్రవారం సాయంత్రం పిల్లలు తమ బొమ్మల్ని మాకు అప్పగించి, టోకెన్ తీసుకుని ఇంటికి పోతారు. అదే నంబరు టోకెన్ బొమ్మకూ కడతాం. మర్నాడు పదింటికి వస్తే బొమ్మతోపాటు ఫోటోలూ ఇస్తాం. రాత్రంతా బొమ్మలు ఏం చేశాయో వాటిలో ఉంటుంది. ఎలుగుబంటి నిచ్చెనెక్కి పుస్తకం లాగుతుంటుంది, కోతి తన కాలి మీదే తేదీ ముద్ర కొట్టుకుంటుంది. పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దలు మురిసిపోతారు.

లోగుట్టు ఏమిటంటే, ఆ రాత్రి కాస్తా సాయంత్రం ఆరింటికే అయిపోయేది. పిల్లలు గేటు దాటగానే కర్టెన్లు వేసి, ఒక్క దీపం పెట్టి గబగబా ఫోటోలు తీసేసేవాళ్లం. ఏడింటికల్లా బొమ్మలన్నీ వెనక గదిలోని ఇనప బీరువాలోకి వెళ్లిపోయేవి. దానికి ఒక్కటే తాళంచెవి, అది అక్క దగ్గరే ఉండేది.

రెండేళ్ల కిందట ఒక శనివారం ఉదయం, ఐదేళ్ల పిల్ల తన కుందేలును తీసుకుని ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. చూసి వెనక్కి ఇచ్చేసింది.

"ఇవి రాత్రివి కాదు," అంది. "రాత్రి మా కుందేలు బీరువాలో ఉంది. చీకట్లో."

తల్లి నవ్వి, "దీనికి మాటలెక్కువండీ," అంది.

పిల్ల నవ్వలేదు. "అక్కడ రెండు జడల బొమ్మ కూడా ఉందట. కింద, కాగితాల వెనక. నాకోసం ఎవరూ రాలేదని మా కుందేలుకి చెప్పింది."

అక్క చేతిలోని టోకెన్లు కింద పడిపోయాయి. ఇన్నేళ్లలో ఆమె చేతిలోంచి ఏదైనా జారడం నేను చూడలేదు. ఆ వెనక గదిలోకి పిల్లల్నెవరినీ రానివ్వం. పైగా ఏటా ఆ బీరువాలో బొమ్మలు సర్దేది నేనే, నేనే ఎప్పుడూ జడల బొమ్మను చూడలేదు.

మధ్యాహ్నం నన్ను వెనక గదికి పిలిచి తలుపు వేసింది. బీరువా అట్టడుగున, పాత పోస్టర్ల వెనకనుంచి కాగితపు పొట్లం తీసి విప్పింది. పాత కర్టెన్ గుడ్డతో ఎవరో చేత్తో కుట్టిన బొమ్మ. రెండు జడలు. ఒక కన్ను నీలం బొత్తాం, ఇంకొకటి నల్ల బొత్తాం.

"పదకొండేళ్లయింది," అంది. "రాత్రిబస రోజే. ఎనిమిది దాటాక వాచ్‌మన్ దగ్గర నంబరు తీసుకుని ఈ బొమ్మ తాలూకు పిల్ల తల్లి ఫోన్ చేసింది. పిల్లకి ఒళ్లు కాలిపోతోంది, బొమ్మ బొమ్మ అని కలవరిస్తోంది, ఎలాగైనా ఇవ్వండమ్మా అని ఏడ్చింది. నేనేమన్నానో తెలుసా? రేపు పదింటికి టోకెన్ తెచ్చుకుని రండి, ఒక్కరికి తీస్తే అందరికీ తీయాలి అన్నాను."

"మర్నాడు?"

"రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆ ఇంటికి తాళం వేసుందని సోమవారం ఎవరో అన్నారు. ఇంకేం అడగమంటావురా?"

పదకొండేళ్లుగా ఆ పిల్ల చచ్చిపోయిందనే అనుకుంటూ ఆమె బతుకుతోంది. నాకు కోపం వచ్చిందంటే అబద్ధం కాదు. వెళ్లి అడగడానికి ఇంత కాలమా అని కసురుకున్నాను కూడా. చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా, పద చెబుదాం అన్నాను.

ఆదివారం బొమ్మను సంచిలో పెట్టుకుని ఇద్దరం బయల్దేరాం. రిజిస్టరులోని పాత చిరునామాకు వెళ్తే, వాళ్లిప్పుడు మార్కెట్ వెనక వీధిలో ఉంటున్నారని పక్కింటావిడ చెప్పింది. పిల్ల సంగతి అడగడానికి అక్కకు నోరు రాలేదు, నన్నూ అడగనివ్వలేదు. ఆ ఇంటి మెట్లు ఎక్కుతూ మూడుసార్లు ఆగింది.

తలుపు తీసింది పదహారేళ్ల అమ్మాయి. రెండు జడలు వేసుకుని, చేతిలో లెక్కల పుస్తకం పట్టుకుని ఉంది. అక్క గోడ పట్టుకుంది.

లోపల్నుంచి తల్లి వచ్చి, అక్కను చూడగానే రెండు చేతులూ పట్టేసుకుంది. "మీరా! మీ దగ్గరికి రావాలి రావాలి అనుకుంటూనే ఇన్నేళ్లు గడిపేశామమ్మా. బుద్ధిలేనివాళ్లం. మర్నాడే మా ఆయన పనికోసం ఊరు విడిచి వెళ్లాల్సొచ్చింది, తిరిగొచ్చాక కూడా రాలేకపోయాం. ఏమే, ఈవిడేనే ఆ రోజు నీ బొమ్మ తెచ్చింది!"

అక్క చేతులు వెనక్కి తీసుకుంది. "నేను రాలేదమ్మా," అంది.

"అదిగో, మంచివాళ్లు ఇలాగే అంటారు. ఫోన్‌లో కుదరదన్నారు, పావుగంటలో గుమ్మంలో నిలబడ్డారు. ఒక్క మాటా మాట్లాడలేదు. బొమ్మను దీని పక్కలో పెట్టి, నుదుటి మీద చెయ్యి వేశారు. నేను మంచినీళ్లు తెచ్చేలోగా వెళ్లిపోయారు. తెల్లారేసరికి జ్వరం దిగిపోయింది."

"మీ చెయ్యి భలే చల్లగా ఉందండీ," అంది అమ్మాయి. "అదొక్కటే నాకు గుర్తు."

పుస్తకాల అరలో, అమ్మాయి డిక్షనరీ పక్కన, ఆ బొమ్మ కూర్చుని ఉంది. అదే కర్టెన్ గుడ్డ. ఒక కన్ను నీలం, ఒకటి నలుపు. నేను అక్క సంచిని వేళ్లతో తడిమాను. సంచిలో బొమ్మ సంచిలోనే ఉంది.

అక్క ఇంకో రెండుసార్లు చెప్పబోయింది. తల్లి విననే లేదు, తినిపోవాలని పట్టుబట్టింది. పిల్ల తన బొమ్మను తెచ్చి అక్క ఒళ్లో పెట్టింది. సంచి మూతిని గుప్పిట్లో బిగించుకుని, దొంగలా కూర్చుంది మా రూళ్లకర్ర.

బస్‌స్టాపులో నేను రకరకాలుగా సర్దిచెప్పాను. వాళ్లమ్మే ఇంకో బొమ్మ కుట్టి ఉంటుంది, జ్వరం హడావిడిలో పక్కింటావిణ్ణి చూసి నువ్వనుకుని ఉంటారు అన్నాను. చెబుతుంటే నా మాటలు నాకే నమ్మబుద్ధి కాలేదు.

"అది కాదురా," అంది. "ఆ రాత్రి ఫోన్ పెట్టేసి నేను పడుకున్నాను. హాయిగా నిద్రపట్టింది. ఆ మాట చెప్పి, ఆవిడ చేత చెంపదెబ్బ తిందామని వచ్చాను. నన్ను తిట్టేవాళ్లు కూడా లేకుండా చేసింది, అదెవరో."

పోయినేడు రాత్రిబసకి టోకెన్ వెనక తన ఫోన్ నంబరు అచ్చు వేయించింది. ఏ వేళకైనా సరే, బొమ్మ కావాలంటే నేనే తెచ్చిస్తాను అని అందులో రాయించింది. ఆఫీసులో అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లలేదు. బీరువా ముందు కుర్చీ వేసుకుని, తాళంచెవి చేత్తో పట్టుకుని కూర్చుంది. నన్నూ కూర్చోబెట్టింది. ఫోన్ మోగాలని ఆమె ఎంతగా కోరుకుందో నేను పక్కనుండి చూశాను. నాకైతే మోగకూడదనే ఉంది.

ఏడున్నరకు మోగింది. ఎవరో తండ్రి. మూడు వీధుల అవతల ఇల్లు, మూడేళ్ల పిల్ల, బూడిదరంగు ఏనుగు లేకపోతే పడుకోనంటోంది. అక్క అతన్ని మాట పూర్తి చేయనివ్వలేదు, "వచ్చేస్తున్నా బాబూ, వచ్చేస్తున్నా!" అంది. బీరువా తీసింది నా కళ్లముందే. ఏనుగును తీసి చెవికున్న టోకెన్ నంబరు సరిచూసింది నేనే.

యాభై ఏడేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో అరమెట్టు దిగడానికి ఆపసోపాలు పడే మనిషి, ఏనుగును గుండెకు హత్తుకుని నడిరోడ్డు మీద పరుగెత్తింది. నేను వెనక పరుగెత్తాను. వీధిలో వాళ్లు ఆగి చూశారు. ఆమె ముఖం పండగలా ఉంది. అంత సంతోషంగా ఆమెను నేను ఎన్నడూ చూడలేదు.

తలుపు తట్టింది. తండ్రి తీసి, ఆమెను చూసి నవ్వాడు.

"ఏమ్మా, ఏమైనా మర్చిపోయారా? ఇందాకే కదా ఇచ్చి వెళ్లారు."

అతని కాళ్ల వెనకనుంచి పిల్ల తొంగి చూసింది. చంకలో బూడిదరంగు ఏనుగు ఉంది. చెవికి మా టోకెన్ వేలాడుతోంది. నంబరు చదవడానికి నాకు ధైర్యం చాలలేదు.

అక్క ఆయాసపడుతూ మోకాళ్ల మీద కూర్చుంది. "నేనేనమ్మా," అంది. "బొమ్మలత్తను."

పిల్ల చాలాసేపు ఆమెను చూసింది. తర్వాత తండ్రి చొక్కా పట్టుకుని లాగింది.

"ఈ అత్త కాదు నాన్నా. ఇందాకటి అత్త మంచిది."

"చిన్నపిల్ల, ఏమనుకోకండి," అన్నాడు తండ్రి.

అక్క తన చేతిలోని ఏనుగును ఆ పిల్ల కంటబడకుండా వీపు వెనక్కి దాచుకుంది. గొంతు సర్దుకుని, కథ చెప్పే గొంతుతోనే, "నిజమేనమ్మా," అంది. "ఆ అత్తే మంచిది."