అపొండి తట్ట

కిసుము ఊళ్ళో, సరస్సు ఒడ్డున, చేపల కంపెనీ వెనక గేటు దగ్గర ఒక కట్టుబాటు ఉండేది: వరసలో తట్ట పెడితే మనిషి నిలబడ్డట్టే. ఇంటికెళ్ళి బిడ్డకు పాలిచ్చి వచ్చినా ఆ చోటు జోలికి ఎవరూ పోరు. చేపల కండంతా ఐసు పెట్టెల్లో విమానమెక్కి పోయేది. తల, తోక, నడుమ వెన్నుముల్లు ఈ తట్టల్లో పడేవి. ఆ వరసలో నిలబడే ఆడవాళ్ళలో ఒకతె అపొండి. వాటిని కరకరలాడేలా వేయించి అమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచుతోంది. అభివృద్ధి మీద నేను లావుపాటి పుస్తకాలు చాలానే చదివాను. వాటిలో కండ తూకమే తప్ప ముల్లు ఊసు లేదు. సరే, ఆ గోల ఇప్పుడెందుకు.

ఆ ఉదయం నేనక్కడే ఉన్నాను. ముళ్ళ మూటలన్నీ ఎత్తుకుని కోళ్ళ దాణా మిల్లు లారీ గేటులోంచి బయటికొచ్చింది. ఇక మీదట ముళ్ళన్నీ మిల్లుకేనట.

"తట్టలు తీయండే!" కాపలాదారు ఒగుతు అరిచాడు. రోజూ మధ్యాహ్నం అపొండి మూకుడు దగ్గర కూర్చుని తినేవాడే.

"తీయం! ఆ కోళ్ళనే వచ్చి వరసలో నిలబడమను!" అంది అపొండి.

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకే డ్రైవరుకు మండింది. లారీని తట్టల మీదుగా పోనిచ్చాడు. తట్టలు పటపటా పగిలాయి. వరసలో ఉన్న అకెలో అనే ఆమె పాదం చక్రం కింద నలిగింది. ఆమె కేకతో అందరూ లారీ మీద పడ్డారు. అద్దం పగిలింది. డ్రైవరు చెంప చీలింది. లారీ మీది మూట పట్టుకు వేలాడుతున్న అపొండి ఎడమ మణికట్టు మీద ఒగుతు లాఠీ పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆమె మూటతో సహా కిందపడి, కుడిచేత్తో రాయి తీసి వాడి నోటి మీద మోదింది. రెండు పళ్ళు నెత్తుటితో దుమ్ములో పడ్డాయి. లారీ వెళ్ళిపోయింది. మిగిలింది ఆ ఒక్క మూట.

మధ్యాహ్నం అపొండి విరిగిన చేతికి కర్రముక్క కట్టుకుని, ఆ మూటలోవే ఒంటిచేత్తో వేయిస్తోంది. ఒగుతు వాచిన మూతితో వచ్చి ఎప్పటి బల్ల మీదే కూర్చున్నాడు.

"ఆకలేస్తోందక్కా."

"చెయ్యి విరిచినప్పుడు అక్కని కానేంరా?"

"కొట్టకపోతే నా ఉద్యోగం ఊడేది."

ఆమె ఒక చేపతల వాడి ముందు పడేసింది. "ముల్లు నమలలేవుగా, ఇది చీకు. రేపు మళ్ళీ కొట్టాలంటే సత్తువుండాలి."

"రేపు ముళ్ళు రావక్కా."

"తెలుసు. పగిలిందైనా సరే, తట్ట పెడతా."