ఉసిరి చెట్టు దొరికిందండీ!

హైదరాబాదులో ఉద్యోగానికి చేరిన ఆ కొత్తల్లో నాకు పురాణం తెలిసినంతగా లోకం తెలియదు. మా ఊళ్ళో కనుచూపు మేరా పత్తి, మిర్చి. చెట్టన్నది తక్కువ. కార్తీక పురాణం మాత్రం నాన్నగారి పక్కన కూర్చుని ఏటా ముప్పై అధ్యాయాలూ చదివినవాణ్ణి. అందుకే మా కాలనీ సత్సంగం వాళ్ళు ఈసారి వనభోజనాలు ఫంక్షన్ హాల్లో కానిచ్చేద్దామంటే ఊరుకోలేక, "ఉసిరి చెట్టు కింద తింటేనే ఫలమండీ, శాస్త్రం!" అని లేచాను. సత్సంగం నడిపే మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "అయితే చెట్టు నువ్వే చూడు నాయనా" అన్నారు.

ఇక చూడండి నా అవస్థ. ఆఫీసు అవగానే రోజుకో పార్కు. ఒకచోట అంతా గడ్డే, ఒకచోట చెట్లున్నాయి గాని అన్నం గిన్నె కనిపిస్తే గేటు దాటనివ్వరట. శుక్రవారానికి నాకు ముద్ద దిగడం మానేసింది. శనివారం ఊరి చివరి పార్కులో, రెమ్మకు సన్నసన్నటి ఆకులతో, నిండుగా కనిపించింది! (అప్పటిదాకా ఉసిరి చెట్టును శ్లోకాల్లో తప్ప చూసి ఎరగను.) వాచ్‌మన్‌ని బతిమాలి ఒప్పించి, మాస్టారికి ఫోన్ చేసి, "దొరికిందండీ!" అని అరిచాను.

ఆదివారం నలభై మంది దిగారు. విస్తళ్ళు పరుస్తుండగా, సత్సంగంలో అందరూ చీమకుర్తి పిన్ని అని పిలిచే ఆవిడ తలెత్తి చూసింది.

"ఏరా అబ్బాయ్, ఇదేనా నీ ఉసిరి?"

"అవును పిన్నీ."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! దీన్ని మేం రెండెకరాల్లో వేసి కాగితం మిల్లుకి తోలాం. సుబాబుల్‌రా ఇది!"

నలభై మంది వ్రతభంగం నా మెడకు చుట్టుకుంది. నరకాల మీద నేను చదివిన అధ్యాయాలన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. పిల్లలు ఆకలని గోల.

పిన్ని మాత్రం దీపాలు వెలిగించడానికి తెచ్చిన ఉసిరికాయల్ని సంచిలోంచి తీసింది. పూలదారంతో గుత్తిగా కట్టి, అందిన కొమ్మకు వేలాడదీసింది.

"ఇదిగో, కాసింది. ఇంక కూర్చోండి."

అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన ఆ గుత్తిని చాలాసేపు చూసి, "బాగానే కాసిందమ్మా" అంటూ మొదటి విస్తరి ముందు కూర్చున్నారు. నేను మాత్రం ముద్దముద్దకీ "క్షమించు స్వామీ" అనుకుంటూనే తిన్నాను.

ఇప్పుడు ఉసిరిని రోడ్డు అవతలి నుంచే గుర్తుపడతాను. కానీ విస్తరి ముందు అంతగా వణికిన అప్పటి ఆ కుర్రవాడు ఎక్కడైనా కనిపిస్తే, పక్కన కూర్చోబెట్టుకుని ఇంకో గరిటె పులిహోర వడ్డించాలని ఉంటుంది.