చెదిరిన జుట్టు శాస్త్రవేత్త కోసం ఒక ప్రయాణం

ఈ ఉదయం మా బడి గోడకు కొత్త బొమ్మ వేస్తున్నారు. ఎనామిల్ రంగు ఘాటు వాసన స్టాఫ్‌రూం దాకా వచ్చింది. కిటికీలోంచి చూస్తే, తెల్లటి జుట్టు నలువైపులా చెదిరిన ఆ విదేశీ శాస్త్రవేత్త ముఖం సగం పూర్తయింది. ప్రపంచమంతా ఎరిగిన ముఖమే. నాకు మాత్రం దాన్ని చూస్తే రజియా మేడం గుర్తొస్తారు, మనసంతా బరువెక్కుతుంది.

గోదావరిఖనిలో నేను టీచరుగా చేరిన ప్రైవేటు బడిలో ఆమె భౌతికశాస్త్రం చెప్పేవారు. మెకానిక్ అయిన భర్త బాగుచేసి ఇచ్చిన పాత మారుతి కారును తానే నడుపుకుంటూ వచ్చేవారు. మొదటి రోజే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "సరితా, పిల్లలు జవాబు చెప్తె మార్కులెయ్యి. ప్రశ్న అడిగితె మాత్రం ఖుషీ అవ్వు" అన్నారు. ఆమె క్లాసులో ఎవరైనా ప్రశ్న అడిగితే ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు చూసే నేను ఈ వృత్తిలో ఉండిపోయాను.

తెలంగాణ ఉద్యమంలో సమ్మెలతో బడులు మూతపడ్డ రోజుల్లో ఒక ఉదయం ఆమె మా ఇంటి ముందు కారు ఆపారు. "ఊకె కూసుంటె మనసు పాడైతది. నడువు, మన ముసలాయన యాడ యాడ ఉన్నడో చూసొద్దాం" అన్నారు. బజారులో ఆ చెదిరిన జుట్టు శాస్త్రవేత్త బొమ్మ కనిపించిన ప్రతిచోటా ఫొటో తీయాలి. బడి తెరిచాక వాటిని గోడకు పెట్టి, ఆయన నిజంగా కనిపెట్టిందేమిటో ఒక్కో ఫొటో కింద రాయాలి. అదీ ఆమె ఆలోచన.

జ్యోతినగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బోర్డు మీద ఆయనకు ఇంజనీరు టోపీ పెట్టారు. పెద్దపల్లిలో మందుల దుకాణంలో జ్ఞాపకశక్తి టానిక్ సీసా మీద నవ్వుతున్నాడు. పక్కనే క్షౌరశాల తలుపు మీదా ఆయనే. "గాయనెవరో నాకెరుక లేదు మేడం. జుట్టు గట్లయితె నా దగ్గరికి రావాలెనని పెట్టిన" అన్నాడు ఆ క్షౌరశాల యజమాని. మేడం కళ్ళ నీళ్ళు తిరిగేలా నవ్వారు. ఆమె అలా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

గోదావరి దాటి జైపూర్ వైపు వెళ్తుంటే, మూసి ఉన్న ఒక బడి గోడ మీద నిచ్చెన వేసుకుని ఎవరో అదే ముఖం గీస్తున్నారు. కారు ఆపగానే అతను గబగబా కిందికి దిగాడు. రాజేశం. కాంతికి బరువుంటుందా అని అడిగి మేడంను రెండు రోజులు ఆలోచనలో పడేసిన పాత విద్యార్థి. ఆమె ఆ సంగతి ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చెప్పేవారు.

"చదువేమైందిరా?"

"బాపుకు గనిల నడుం ఇరిగింది మేడం. ఇంటర్ నడిమిట్లనే బంద్ చేసిన. ఇప్పుడు ఈయన ముఖం కండ్లు మూసుకొని గీస్త. అందరు గిదే కావాలంటరు."

"ఆయనేం చెప్పిండో యాదికున్నదా?"

రాజేశం చేతిలోని కుంచె వైపు చూశాడు. "యాదికి తెచ్చుకోను మేడం. తెచ్చుకుంటె చెయ్యి నడువది."

మళ్ళీ చదివిస్తాను, ఇంటికి రమ్మని మేడం మరీ మరీ చెప్పారు. తలూపాడు గానీ రాలేదు. కొన్నాళ్ళకు మేమే వెతుక్కుంటూ వాళ్ళ ఇంటికి వెళ్తే, దుబాయి పోయాడని తల్లి చెప్పింది.

మేడం ఆ ఫొటోల రీలు కడిగించలేదు. బడి తెరిచాక గైడు చూసి నోట్సు చెప్పడం మొదలుపెట్టారు. పిల్లలు చేయెత్తినా చూడనట్టే ఉండేవారు. రాష్ట్రం వచ్చిన ఏడాది ఆమెకు జబ్బు చేసింది. దవాఖానలో మంచం పక్కన కూర్చుంటే, "వాడు ఫోన్ గిట్ల చేసిండా?" అని అడిగారు. లేదన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ నెలలోనే పోయారు.

నేనింకా పాఠాలు చెబుతున్నాను. పిల్లలెవరైనా మంచి ప్రశ్న అడిగితే ఆమె నేర్పినట్టే ఖుషీ అవుతాను. ఆ వెంటనే రాజేశం గుర్తొచ్చి భయమేస్తుంది. వాళ్ళ నాన్న ఏం చేస్తాడో అడగాలని నోటిదాకా వస్తుంది. అడగను.