దాహంగొన్న దొర

ఏడో తరగతిలో ఏ భాషలో తప్పావని ఎవరైనా అడిగితే మొహమాటం లేకుండా చెబుతాను: మరాఠీలో, హిందీలో, ఇంగ్లీషులో. తెలుగులో మాత్రం తప్పలేదు, మా బడిలో తెలుగు లేదు కాబట్టి. చదువు అక్కడితో వదిలేసి చంద్రపూర్‌లో లారీ సీట్లు కుట్టే పనిలో పడ్డాను. ఇప్పుడు రాస్తున్న ఈ నాలుగు అక్షరాలు కూడా పెళ్ళయ్యాక నా భార్య నేర్పినవే. అలాంటి నేను ఈ వయసులో ఇంగ్లీషు సినిమాలకు తెలుగు మాటలు చెప్పేవాణ్ణయ్యాను. వినేది ఆమే.

ఆమె కిడ్నీలు చెడిపోయాయి. రోజు విడిచి రోజు మధ్యాహ్నం ఆస్పత్రిలో డయాలసిస్. రక్తం ఒక గొట్టంలో బయటికి వెళ్ళి, యంత్రంలో శుభ్రపడి, ఇంకో గొట్టంలో తిరిగి వస్తుంది. అది చూడలేక ఆమె కళ్ళు మూసుకునే ఉండేది. ఓ రోజు ఆమె కోసం ఫోన్‌లో పాటలు వెతుకుతుంటే ఒక పాత నలుపు తెలుపు సినిమా తగిలింది. పొగమంచు, కొండ మీద కోట, నల్లటి పొడుగు అంగీలో పాలిపోయిన మనిషి. జనం రక్తం తాగి బతికే పిశాచమట. నెత్తురు చూడలేని మనిషికి ఏరి కోరి అదే చూపించాను, అదీ నా తెలివి.

వార్డులో చప్పుడు చేయకూడదు కాబట్టి సినిమా గొంతు నొక్కేసి, నేనే మాటలు చెప్పడం మొదలుపెట్టాను. కోటకు వచ్చిన అతిథితో ఆ మనిషి ఏమన్నాడో నాకేం తెలుసు? "రాన్రి సార్, రాన్రి. ఘుగ్గుస్ బొగ్గు గనుల దిక్కుకెళ్లి వచ్చినట్టున్నరు, ఒంటి నిండ దుమ్మే. కాళ్ళు కడుక్కోన్రి" అన్నాను.

ఆమె కళ్ళు తెరిచింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

పక్క మంచం మీద రాజురా వైపు నుంచి వచ్చే ఒక రైతు ముసలమ్మ ఉండేది. "బిడ్డా, జర గట్టిగ చెప్పు. ఎవలు గాయన?" అంది.

"దొర, పెద్దమ్మా. గడిల ఉంటడు. ఊరోళ్ళ నెత్తురు తాగుతడు."

"గిండ్ల కొత్త ఏముంది? దొరలు గట్లనే ఉండిరి."

అప్పటినుంచి ఆయన మాకు దొరే, ఏ సినిమా అయినా సరే. రంగుల్లో వచ్చిన కొత్తవి కూడా చూశాం. వాటిలో దొరలు గెంతుతారు, అరుస్తారు, మూతి నిండా నెత్తురు పూసుకుంటారు. ఆమెకు నచ్చలేదు. పాత దొర అలా కాదు. మెట్లు దిగితే పెళ్ళి పెద్ద దిగినట్టు ఉంటుంది. ఊరికే చూస్తాడు, అంతే, మన వీపు చల్లబడుతుంది. మే నెల చంద్రపూర్‌లో వీపు చల్లబరిచేవాణ్ణి ఎవరు కాదంటారు? ఆ మంచూ, ఆ రాతి గోడలూ చూస్తూ ఆమె దుప్పటి మెడ దాకా లాక్కునేది.

"పిలువంది గడప దాటడు, చూస్తున్నవా? ఎంత మర్యాదస్తుడు" అనేది.

"మీ తమ్మునికంటె నయం. ఆయన ఫోన్ గూడ చెయ్యకుండ దిగుతడు" అనేవాణ్ణి.

సూది కన్నా, యంత్రం కన్నా కష్టం దాహం. రోజంతటికీ ఒక చిన్న గ్లాసు నీళ్ళే తాగాలన్నారు డాక్టర్లు. ఎండలు ముదిరాక ఆమె కంటికి నీళ్ళు కనబడకూడదని, వంటింట్లోని రంజన్‌ను, అదే మా పెద్ద నీళ్ళ కుండను, నీళ్ళతో సహా నా సీట్ల దుకాణంలోకి మార్చేశాను. ఇంటికి ఎవరొచ్చినా ముందు బయటికి తీసుకుపోయి నీళ్ళు తాగించి, తర్వాత లోపలికి తెచ్చేవాణ్ణి. ఎంత బాగా చూసుకుంటున్నానో అని నాకు నేనే మురిసిపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆమె తమ్ముడు ఆసిఫాబాద్ నుంచి వచ్చాడు, ఫోన్ చేయకుండానే. ముఖం కమిలిపోయి ఉంది. గడపలో కాలు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని టీ కొట్టుకు నడిపించాను. నీళ్ళూ టీ తాగించి తిరిగి తెచ్చేసరికి ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆస్పత్రికి బయలుదేరే వేళ.

"నేను రాను" అంది. "ఇయ్యాలనే కాదు, ఇగ రానే రాను. సాలు."

ఆ యంత్రం లేకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అయినా నా వేళాకోళం అలవాటు ఊరుకోదు కదా.

"నువ్వు రాకుంటె నీ మంచం మీద నన్ను పండవెట్టి కుట్లు ఏస్తరు. లారీ సీటు అనుకుంటరు."

నవ్వలేదు. తమ్ముడు బతిమాలాడు. లేవలేదు. చివరికి పక్కన కూర్చుని, సగంలో ఆపిన సినిమా పెట్టాను. దొర కిటికీ బయట నిలబడి ఉన్నాడు. ఆయన చేత ఏదో ఒకటి అనిపిద్దామని నోరు తెరిచాను. మాట రాలేదు.

ఆమే మెల్లగా ఇటు తిరిగింది.

"శురువు నుంచి చూస్తున్న" అంది. "గాయనను కూసోమంటరు, పాటలు వాడుతరు, మందు పోస్తరు. ఒక్కలన్న మంచినీళ్ళు ఇచ్చిండ్రా? మెడలు కొరకక ఏం జేస్తడు?"

నవ్వబోయాను. ఆమె కళ్ళు చూసి ఆగిపోయాను.

"మన ఇల్లు గూడ గట్లనే చేసినవు. నా తమ్ముడు ఎండల వడి వస్తె గడపలకెళ్లే మలిపితివి. దాహం నాకు, ఇంటికొచ్చినోళ్ళు ఏం జేసిండ్రు? చెంబెడు నీళ్ళు ఇయ్యరాని ఇంట్ల నేనుండి ఏం ఫాయిదా?"

దుకాణానికి పరిగెత్తాను. రంజన్ మోసుకొచ్చి దాని పాత చోటనే దించాను, సగం నీళ్ళు నా చొక్కా మీద. ఆమె లేచి చెంబు కడిగి, ముంచి, తమ్ముడి ముందు నిలబడింది. టీ కొట్టులో కడుపు నిండా తాగి వచ్చిన ఆ మనిషి, ఎత్తిన చెంబు దించకుండా అంతా తాగాడు. "ఇంకింత పొయ్యక్కా" అన్నాడు. ఆ రోజు నుంచి నా బావమరిదిని నేను ఏమీ అనను, మరీ అవసరమైతే తప్ప.

ఆమె తడి చేతిని ఒకసారి పెదాలకు అద్దుకుంది. "ఆటో పిలువు" అంది.

ఆస్పత్రికి ఆలస్యంగానే చేరాం. సూదులు పెట్టారు, యంత్రం తిరిగింది, మిగిలిన సినిమా పెట్టాను. పెట్టెలో పడుకున్న దొర గుండెలో మేకు కొట్టడానికి ఒక ముసలాయన వస్తున్నాడు. నాకు నోరు తిరిగి వచ్చింది.

"నువ్వుగిన ఆ ఊర్ల ఉంటె చెంబెడు నీళ్ళిచ్చి దొరను బతికిస్తువు."

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఏడ బతుకుతడు? పక్కకు నువ్వు కూసోని గిట్ల ముచ్చట వెడుతుంటె, ఎండ తాకితె సస్తనని తెలిసి గూడ తలుపు తీస్కోని ఎండలకే ఉరుకుతుండె."