కంప్రెసర్ తరఫు మనిషి

కళ్యాణదుర్గం రోడ్డులో, రేకుల షెడ్డు కింద, ఏసీ మెకానిక్ ఒకాయన ఉండేవాడు. ఎవరు కంప్రెసర్‌ను నిందించినా ముందు దాని తరఫునే మాట్లాడేవాడు.

ఆ వేసవిలో ఒకరోజు ఆయన దగ్గరికి పోయాను. నిండు చూలాలైన మా ఆవిడను మర్నాడు బెంగళూరు తీసుకుపోవాలి. మా పాత కారులో ఏసీ పది నిమిషాలకే ఆగిపోతోంది.

"కంప్రెసర్ పోయినట్టుందన్నా."

"పాపం, దాన్నెందుకంటావప్పా? చెనిక్కాయల కళ్లంలో నూర్పిడి మిషన్ పక్కన కారు నిలిపింటివా?"

నిలిపిన మాట నిజమే. రేడియేటర్ ముందున్న ఏసీ జాలీ నిండా పొట్టు. వేడి బయటికి పోయే దారి లేక కంప్రెసర్ ఆగిపోతోందట.

ఆ వీధిలో కుళాయి నీళ్లు వచ్చి నాలుగు రోజులైంది. ఆయన ఇంట్లోంచి రెండు బిందెల నీళ్లు తెచ్చి జాలీ కడిగాడు. మనుషులకని దాచిన నీళ్లు నా కారు తాగింది.

చల్లగాలి వచ్చింది. ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి, ఒక్క క్షణం ఉంచి, తీసేసుకున్నాడు.

"అద్దం ఎత్తుకోప్పా, చల్లదనం పోతాండాది."