దావీదు మేస్త్రి మార్చిన పలకలు

నంద్యాలలో మా వీధికి రోడ్డు వేస్తున్నారు. పొద్దున్నే పీపాలో డాంబరు మరుగుతున్న వాసన వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. పొయ్యి ఆపేసి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ వాసన వస్తే నాకు రోడ్లు గుర్తుకు రావు. కుందూ ఏటి ఒడ్డున ఇసుక మీదికి లాగిన పడవ, దాని పక్కన గొంతుక్కూర్చున్న దావీదు మేస్త్రి గుర్తుకొస్తారు.

డెబ్బయ్యో దశకం చివర్లో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. కుందూ అవతల ఒక చిన్న ఊళ్లో పంతులమ్మని. ఆళ్లగడ్డలో గది తీసుకుని ఉండేదాన్ని. బస్సు దిగి ఏరు దాటితే బడి. వంతెన లేదు. ఎండాకాలం నడిచి దాటేవాళ్లం, వానలు మొదలయ్యాక పడవే దిక్కు. మేస్త్రి ఆ ఊరి వడ్రంగి. నాగళ్లు, తలుపులు, మా బడి బెంచీలు, చర్చిలో బల్ల, అన్నీ ఆయన చేతివే. పడవ మరమ్మతూ ఆయనదే. మాట తక్కువ మనిషి. ఆయన మాట్లాడనిదంతా భార్య మార్తమ్మ మాట్లాడేది. నేను పడవ దిగడం చూస్తే చాలు, "ఏం టీచరమ్మా, తిన్యావా ల్యాదా?" అని కేకేసేది. లేదంటే ఇంటికి లాక్కుపోయి జొన్నరొట్టె పెట్టేది.

పడవలో కాళ్లు పెట్టుకోవడానికి పరిచిన పలకల్లో ఒకటి మెత్తబడింది. పైకి డాంబరుతో నల్లగా నిగనిగలాడేది, అడుగు వేస్తే తడిసిన అట్టలా నొక్కుకునేది. నెల రోజులుగా నాకు తెలుసు. రోజూ దాన్ని దాటి అవతలి పలక మీద కాలు పెట్టేదాన్ని. కొత్తగా వచ్చినదాన్ని, పడవ సంగతి నేనేం చెబుతాను అనుకుని ఎవరితోనూ అనలేదు.

ఒక రోజు ఆళ్లగడ్డ నుంచి వస్తున్న మార్తమ్మ, నెత్తిన శనగల మూటతో మాతోపాటు పడవ ఎక్కింది. ఏరు నిండుగా ఉంది. సగం దూరం పోయాక నన్ను చూసి, నా పక్కన కూర్చోవాలని వచ్చింది. నేను జరిగి చోటిచ్చాను. ఆమె నేరుగా ఆ పలక మీద కాలు వేసింది. పలక విరిగి కాలు మోకాలిదాకా దిగబడి ఇరుక్కుంది. ఆమెను పట్టుకోవాలని అందరం ఒకే వైపుకు లేచాం. పడవ ఆ వైపుకే ఒరిగి, నీళ్లు నింపుకుని మునిగిపోయింది. నన్ను ఎవరో జుట్టు పట్టి ఒడ్డుకు లాగారు. మిగతావాళ్లూ బయటపడ్డారు. కాలు ఇరుక్కున్న మార్తమ్మ పడవతోపాటే పోయింది.

నీళ్లు తగ్గాక ఎడ్లు కట్టి పడవను ఒడ్డుకు లాగించారు. మేస్త్రి ఒక్కరే కూర్చుని పలకలు ఊడబెరకడం మొదలుపెట్టారు. ఊరంతా దూరంగా ఉండి చూసింది. మూడో రోజు నేను దగ్గరికి వెళ్లాను.

"మేస్త్రీ, ఆ పలక మెత్తబడిందని నాకు తెలుసు. చెప్పలేదు. ఆమెకు చోటిచ్చింది కూడా నేనే."

ఆయన చేతిలో గునపం ఆగింది. తల ఎత్తలేదు.

"నాకూ తెల్సమ్మా. ఎండాకాలమే చూసినా. కొత్త పలకకు నంద్యాల పోవల్ల, ఈ యేటికి నిలబడ్తాదిలే అని డాంబరు పూసినా. పుచ్చు కనపడకుండా చేసింది నేనే."

గునపం మళ్లీ పలక కిందికి దూర్చి అన్నారు: "మా ఎస్తేరుకు నాది నేను చెప్పుకుంటా. నీది నువ్వు చెప్పు."

ఎస్తేరు వాళ్ల ఒక్కగానొక్క కూతురు. నంద్యాలలో కాపురం. చెబుతానన్నాను.

పలకలు కొనడానికి ఆయనతో నేనూ నంద్యాల వెళ్లాను. బజారులో ఒక అంగడి ముందు కొత్త ఫ్రిజ్జు పెట్టె విప్పుతున్నారు. లోపలి నుంచి తెల్లటి దిమ్మలు తీసి వీధిలో పడేశారు. మేస్త్రి ఒకటి తీసి, పక్కనున్న టీకొట్టు బకెట్లో అదిమారు. చెయ్యి తీయగానే పైకి తన్నుకొచ్చింది. మళ్లీ అదిమారు. మళ్లీ వచ్చింది.

"ఏందన్నా ఇది?"

"థర్మకోల్. పారేసేదే, తీస్కపో" అన్నాడు అంగడాయన.

మూడు గోతాలు పోగు చేసుకుని బస్సు మీద వేసుకొచ్చాం. ఆయన ఒక్క పలకతో సరిపెట్టలేదు. ప్రతి పలకనూ, దాని కింది దుంగనూ ఉలి మొనతో పొడిచి చూశారు, మొన దిగినవన్నీ తీసేశారు. దిమ్మలను రంపంతో కోసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, పడవ రెండు కొసల్లోనూ పక్కల వెంబడీ కదలకుండా బిగించారు. వాటిపైన కొత్త పలకలు పరిచి మేకులు కొట్టారు. బడి వదిలాక నేను పోయి దిమ్మలు పట్టుకునేదాన్ని. దారినపోయేవాళ్లు, పడవలో దూది పెడతాండాడని నవ్వారు.

పని అయ్యాక పడవను ఏట్లోకి తోసి, కడవలతో ఆయనే నీళ్లు పోశారు. అంచుదాకా నిండింది. మునగలేదు. ఆయన అందులోకి దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో ఈ కొస నుంచి ఆ కొసకు గట్టిగా తొక్కుతూ నడిచారు. తర్వాత ఆ నీళ్లలోనే చతికిలబడ్డారు.

"పది దినాల పనమ్మా" అన్నారు. "పది దినాలు. అంతే."

అప్పటిదాకా ఆయన ఏడవడం నేను చూడలేదు.

మరుసటి ఏడు కుందూ పొంగినప్పుడు ఆ పడవలో మనుషులుండగానే నీళ్లు నిండాయి, అయినా అది మునగలేదు. అందరూ దాన్ని పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చారు. మొక్కడానికి వచ్చినవాళ్లను ఆయన ఇంట్లోకి రానివ్వలేదు. పలకలు చూసుకోవడానికి ఏటికి పోయారు.

నేను ఎస్తేరు దగ్గరికి వెళ్లలేదు. నంద్యాలకు బదిలీ అయ్యాక ఆమె ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలే. దసరా సెలవుల్లో పోదాం అనుకున్నాను, ఎండాకాలంలో పోదాం అనుకున్నాను. ఆరేళ్లు గడిచాయి. మేస్త్రి పోయారని కబురొస్తే ఊరికి వెళ్లాను. సమాధి తోట నుంచి అందరూ తిరిగొచ్చాక ఎస్తేరుకు జరిగిందంతా చెప్పాను. ఆమె చాప పరిచి నన్ను కూర్చోబెట్టి, తానూ కూర్చుంది.

"తన తప్పు చెప్పుకున్న దినమే, టీచరమ్మ వస్తాది, ఆమె నీకొక మాట చెప్పల్ల, కూచోబెట్టి అన్నం పెట్టు అని చెప్పినాడు నాయన. ఏం మాటో చెప్పలే. మా ఇంటికి వచ్చినప్పుడల్లా 'వచ్చిందా?' అని అడిగేటోడు. లేదంటే, 'వస్తాదిలే' అనేటోడు."

ఆమె లేచి నాకు అన్నం పెట్టింది. తిన్నాను.

తర్వాత నేను ప్రధానోపాధ్యాయురాలినయ్యాను. గోడ బీట వారినా, పిల్లవాడి ఒంటి మీద వాత కనిపించినా, నా వల్లే తప్పు జరిగినా, ఆ రోజే చెప్పాను. నోటి దురుసు మనిషినని పేరొచ్చింది. రానీ అనుకున్నాను. ఎన్ని చెప్పినా, ఆయన బతికుండగా చెప్పాల్సిన ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను. ఆరేళ్లపాటు ఆ మనిషి కూతురి గడప దగ్గర నా గురించి అడుగుతూనే ఉన్నారు.